రోమన్ల తీర విల్లాలు: కొన్ని నీటి అడుగున, కొన్ని ఊరి నడుమన ఎందుకున్నాయి?

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఇటలీలోని నేపుల్స్ అఖాతం చుట్టూ రోమన్ శ్రీమంతులు కట్టుకున్న విల్లాల్లో కొన్ని ఇప్పుడు సముద్రం అడుగున, మరికొన్ని ఒడ్డుకు అర కిలోమీటరు లోపల ఊరి ఇళ్ళ మధ్య గోతుల్లో ఎందుకు కనిపిస్తున్నాయన్నది ఒకటి. డబ్బు మదంతో సముద్రంలోకి గోడలు కట్టి, దాని స్వభావాన్ని లెక్కచేయనందువల్లనే వాటికి ఆ గతి పట్టిందా అన్నది రెండవది. నేను ఓడరేవు కట్టడాల ఇంజనీరుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత ఆ తీరాన్ని రెండుసార్లు చూసి వచ్చినవాణ్ణి. ప్రాచీన చరిత్ర నాకు అభిరుచి మాత్రమే గాని అలలు, గోడలు, ఉప్పునీరు నా వృత్తి. ఆ అనుభవంతో చెప్పగలిగినంతలో, మీ రెండవ ప్రశ్నలోని ఊహ నిలబడదు. సముద్రాన్ని వాళ్ళు చాలా శ్రద్ధగా గమనించారు, అడుగు ఎత్తు పోటును కూడా లెక్కలోకి తీసుకున్నారు. వాళ్ళను దెబ్బతీసింది కాళ్ళ కింది నేల. ఆ సంగతికి రావాలంటే ముందు కట్టడాల గురించి కొంత చెప్పుకోవాలి.

రోమన్లు వీటిని ‘విల్లా మారితిమా’ అనేవారు. పొలం మధ్యనుండే విల్లా పంటకూ పశువులకూ కేంద్రం కాగా, ఇది ప్రధానంగా విశ్రాంతి కోసం, అతిథుల కోసం, పడవల్లో పోయేవారు చూసి ముక్కున వేలేసుకోవడం కోసం కట్టిన సౌధం. రోమ్ నగరపు రేవైన ఓస్టియా నుంచి దక్షిణంగా ఆంటియం, ఆస్టురా, స్పెర్లోంగా, ఫోర్మియే మీదుగా నేపుల్స్ అఖాతం దాకా ఇవి వరుసగా వెలిశాయి. తొలి చక్రవర్తి అగస్టస్ కాలానికి ఈ మోజు ఎంత ముదిరిందంటే, మిసేనం కొన నుంచి ఎథీనా గుడి ఉన్న కొన వరకు అఖాతమంతా ఇళ్ళతో, తోటలతో నిండి ఒకే పట్టణంలా కనిపిస్తుందని భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. మిసేనం దగ్గర మారియస్ అనే సేనానికి ఉండిన విల్లాను కోర్నీలియా అనే ఆవిడ 75,000 ద్రాక్మాలకు కొనగా, ఎంతో కాలం గడవకముందే లుకల్లస్ అనే మరో సేనాని దానికి 25 లక్షలు పోశాడని ప్లూటార్క్ చెబుతాడు.

వీటి మీద మనకున్న దురభిప్రాయానికి మూలం చాలావరకు ఆనాటి రచయితలే. లోతు నీళ్ళలోకి దిమ్మలు దించుతుంటే సముద్రం ఇరుకవుతోందని చేపలకు కూడా తెలిసిపోతోందని కవి హోరేస్ ఎద్దేవా చేశాడు. మరో పద్యంలో, చావు దగ్గరపడుతున్నా సమాధి మాట మరిచి, ఉన్న నేల చాలక, ఆ అఖాతం మీది విడిది ఊరైన బాయియే దగ్గర ఒడ్డును సముద్రంలోకి నెట్టే ధనికుణ్ణి చీవాట్లు పెట్టాడు. కొండలు తవ్వి, సముద్రాల మీద ఇళ్ళు కట్టిన ప్రైవేటు వ్యక్తుల గురించి చెబితే చూడనివారు నమ్మరని చరిత్రకారుడు సల్లస్ట్ రాశాడు. ఇవన్నీ చదివి ఈ రచయితలను ఆనాటి పర్యావరణవాదులనుకోవడం పొరపాటని నా అభిప్రాయం. వారి బాధ చేపల గురించి కాదు, హద్దు తెలియని మనిషి గురించి. తత్త్వవేత్త సెనెకానే చూడండి: 51వ లేఖలో బాయియేను దుర్వ్యసనాల విడిదిగా తూలనాడిన ఆయన, నాలుగు లేఖల తరువాత కూమే దగ్గర వాటియా అనే ధనికుడి విల్లా ముందుగా పోతూ, అందులోని రెండు కృత్రిమ గుహల్లో ఒకదానిలోకి ఎండ చొరనే చొరదని, మరొకదానిలో పొద్దుగూకేదాకా ఉంటుందని, పడమటి గాలిని ఆ ఇల్లు ఎదురెళ్ళి పట్టుకుని బాయియేకు దక్కకుండా చేస్తోందని మెచ్చుకోలుగా వర్ణించాడు. ఎండనూ గాలినీ అంత సూటిగా పట్టుకున్న ఇంటిని ప్రకృతి తెలియనివాడు కట్టలేడు.

ఇక కట్టుబడి. సముద్రంలో గోడ నిలబడాలంటే సున్నం నీటిలో గట్టిపడాలి. మామూలు సున్నం గట్టిపడదు. కూమే నుంచి మినర్వా కొన వరకు దొరికే ఒక రకం మట్టి రెండు పాళ్ళు, సున్నం ఒక పాలు కలపాలని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథం ఐదవ భాగంలో చెప్పాడు. ఆ మట్టి నిజానికి అగ్నిపర్వతపు బూడిద. పుటియోలీ ఊరి పేరు మీదనే మనం ఇవాళ ‘పోజొలానా’ అంటాం. ఓక్ దుంగలను నీటి అడుగున దిగేసి, వాటిని అడ్డదూలాలతో బిగించి, అడుగును చదును చేసి, ఆ చెక్కగూడులో రాళ్ళూ ఈ సున్నమూ నింపుతూ రావాలి. మన మేస్త్రీలు ‘సెంట్రింగ్’ అనే పనికి ఇది నీటిలోని రూపం. నేను పనిచేసిన జెట్టీల్లో ఇరవై ఏళ్ళు తిరగకుండానే ఉప్పు లోపలికి దిగి, ఇనుప చువ్వ తుప్పుతో ఉబ్బి, కాంక్రీటు అరచేయంత పెచ్చులుగా ఊడిపడేది. సుత్తితో తడితే డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా సుద్దతో గుండ్రం చుట్టడం ఏటా మాకొక పని. రోమన్ దిమ్మల్లో ఇనుము లేదు కనుక ఆ జబ్బు లేదు. పైగా ఉప్పునీరు వాటిలోకి ఇంకుతూ, బూడిదతో చర్య జరిపి, టోబర్మొరైట్, ఫిలిప్సైట్ అనే ఖనిజాలను సందుల్లో స్ఫటికాలుగా పెంచుతుందని 2017లో వచ్చిన ఒక అధ్యయనం వివరించింది. అయితే వాట్సాప్‌లో తిరిగే ‘రోమన్ కాంక్రీట్ రహస్యం’ కథలను మాత్రం కాస్త తగ్గించి చదువుకోవాలి. అది చాలా నెమ్మదిగా గట్టిపడుతుంది, దాని బలం మన కాంక్రీటు కన్నా బాగా తక్కువ, బరువైన క్రేన్లు తిరిగే రేవుకు అది పనికిరాదు. వాళ్ళ అవసరానికి అది సరిపోయింది, అంతే.

సముద్రంతో వాళ్ళ సంబంధం ఎలాంటిదో అసలు తేటపడేది చేపల చెరువుల దగ్గర. విల్లాకు ముందు, ఒడ్డు రాతిలో తొలిచో, పైన చెప్పిన కాంక్రీటుతో గోడలు పోసో, చతురస్రంగానో గుండ్రంగానో చెరువు కట్టి, లోపల అడ్డుగోడలతో గదులు చేసి, జాతికొక గదిలో చేపలు పెంచేవారు. ఇందులో చిక్కు ఎక్కడుందంటే, మధ్యధరా సముద్రానికి పోటు దాదాపు లేనట్టే. మన విశాఖ తీరంలో పున్నమికీ అమావాస్యకూ నీరు మీటరుకు పైగా ఎక్కి దిగుతుంది. నేపుల్స్ దగ్గర ఆ తేడా సుమారు ఒక అడుగు. ఆ అడుగుతోనే చెరువు నీరంతా మారాలి, లేకుంటే ఎండాకాలంలో నీరు వెచ్చబడి, ప్రాణవాయువు తగ్గి, చేపలు తేలిపోతాయి. చెరువు పెట్టినవారెవరికైనా తెలుసు, తెల్లవారుజామున చేప పైకి వచ్చి నోరు తెరుస్తోందంటే ఏమిటో. అందుకని కాలువ అడుగు మట్టం, గోడ పైమట్టం, తూము ఎత్తు, ఈ మూడింటినీ పోటు, పాటు గీతలకు అంగుళాల లెక్కన సరిపెట్టాల్సి వచ్చేది. ఒక అర అడుగు తప్పినా చెరువు ఎండడమో, అలల రోజున చేపలు గోడ దాటిపోవడమో జరుగుతుంది.

ఈ విద్యను కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథంలో వివరంగా రాశాడు. వచ్చే అల అంతకుముందటి అల నీటిని బయటకు తోసేసేలా, లోపల పాతనీరు నిలవకుండా ఉండే చెరువే అన్నిటికన్నా మంచిదన్నాడు. చేపలు బయటకు పోకుండా, నీరు మాత్రం ఆడేలా తూముల దగ్గర సన్నని రంధ్రాలున్న కంచు జల్లెడలు బిగించమన్నాడు. ఎండ వేడికి చేపలు తలదాచుకోవడానికి గోడల్లో గూళ్ళు చేయాలని, పొలుసు చేపలకు నేరుగా ఉండే గూళ్ళు సరిపోతాయని, మురేనా అనే పాము చేపకు మాత్రం నత్తగుల్లలా మెలికలు తిరిగినవి కావాలని తేడా చూపాడు. అడుగు బురదగా ఉన్న చోట నేలకు అంటుకుని బతికే బల్లపరుపు చేపలను, రాతి అడుగున్న చోట రాళ్ళ మధ్య తిరిగే జాతులను పెంచాలి తప్ప, మన ఇష్టం వచ్చిన చేపను తెచ్చి వేయడం దండగన్నాడు. నాకు బాగా నచ్చిన మాట ఇంకొకటుంది: నాచు పట్టిన రాళ్ళను ఒడ్డు నుంచి తెచ్చి చెరువులో అక్కడక్కడా వేసి, బందీలైన చేపలకు తాము బందీలమన్న సంగతి వీలైనంత తక్కువగా తెలిసేలా సముద్రపు రూపు కల్పించమని ఆయన సలహా. సముద్రాన్ని లొంగదీసుకున్నామని విర్రవీగేవాడు రాసే మాట కాదిది.

పురావస్తు తవ్వకాల్లో ఈ మాటలకు రుజువులు దొరికాయి. ఇటలీ పడమటి తీరంలో రాతి గాడుల్లో నిలువుగా జారే తూము పలకలు, వాటికి వరుసగా పొడిచిన రంధ్రాలు ఈనాటికీ కొన్ని చోట్ల అలాగే ఉన్నాయి. కూతురు తుల్లియా పోయిన దుఃఖంలో క్రీ.పూ. 45లో ప్రసిద్ధ వక్త సిసెరో తలదాచుకున్న ఆస్టురాలో, మనకు తెలిసిన అతి పెద్ద రోమన్ చేపల చెరువుల్లో ఒకటి ఒడ్డునే మునిగి కనిపిస్తుంది. మన కొల్లేటి వైపు, భీమవరం వైపు చెరువులు చేసేవారు దాని నమూనా చూస్తే, తూమూ జాలీ ఎక్కడ పెట్టారో ఎందుకు పెట్టారో ఒక్క చూపులో పసిగడతారు.

లాభం సంగతి వేరు. వర్రో అనే పండితుడు, సముద్రపు చెరువులు కళ్ళకు ఇంపే గాని జేబును నింపేకన్నా ఖాళీ చేసేవే ఎక్కువన్నాడు. హోర్టెన్సియస్ అనే వక్తకు బౌలిలో గొప్ప చెరువులుండేవి. ఆయన తన విందుకు మాత్రం చేపలను పుటియోలీ బజారులో కొనేవాడు, తన చేపలకేమో స్వయంగా మేత వేయించేవాడు. ఆ మేత కోసం చిన్న చేపలు పట్టే జాలరులను ప్రత్యేకంగా పెట్టుకుని, సముద్రం అల్లకల్లోలమై వేట సాగని రోజుల్లో ఉప్పు చేప కొనిపించేవాడు. ఒక పెద్ద చేపను మేపడానికి సముద్రంలోంచి ఎన్ని చిన్న చేపలు తీయాలన్న లెక్క అప్పుడే మొదలైందన్నమాట. ఈ కోణం గురించి విల్లాల మీద రాసేవారు పెద్దగా పట్టించుకోరు. మార్కస్ లుకల్లస్ చెరువుల్లోకి పోటు నీరు వచ్చే దారి లేక చేపలు మురికినీటిలో బతుకుతున్నాయని హోర్టెన్సియస్ చులకన చేసేవాడట. మార్కస్ అన్న, మిసేనం విల్లా కొన్న లూసియస్ లుకల్లస్ మాత్రం, రోజుకు రెండుసార్లు పోటు లోపలికి వచ్చి చెరువును చల్లబరిచి తిరిగి పోయేలా సొరంగం తవ్వమని చెప్పి, ఎంత ఖర్చయినా పెట్టమని శిల్పికి తన సొమ్మంతా అప్పగించాడని అదే వర్రో రాశాడు. నేపుల్స్ దగ్గర ఆయన కొండ తవ్వించడానికి విల్లా కన్నా ఎక్కువ ఖర్చయిందని, దాన్ని చూసి ఆయనకు ‘టోగా కట్టిన జెర్క్సిస్’ (టోగా రోమన్ల పైవస్త్రం, జెర్క్సిస్ ఓడల దారి కోసం కొండ దగ్గర కాలువ తవ్వించిన పర్షియా రాజు) అని పేరు పెట్టారని పెద్ద ప్లినీ చెబుతాడు. ఎగతాళి బాగానే ఉంది గాని, నా దృష్టిలో ఆ సొరంగం పిచ్చి పని కాదు. అడుగు పోటుతో లోపలి చెరువుకు నీరు మార్చడానికి అంతకు మించిన ఉపాయం నాకూ తోచదు.

ఈ చెరువుల అందం చెప్పుకునేటప్పుడు వాటి పక్కన వెట్టి చేసిన బానిసలను మరిచిపోకూడదు. పౌసిలిపోన్ విల్లా యజమాని వేడియస్ పొలియో, విందులో స్ఫటికపు గిన్నె పగలగొట్టిన కుర్రాడిని మురేనాలకు వేయించబోతే, అతిథిగా వచ్చిన అగస్టస్ ఆ కుర్రాడిని విడిపించి, మిగిలిన గిన్నెలన్నీ పగలగొట్టించి, చెరువును పూడ్పించాడని సెనెకా రాశాడు.

సముద్రాన్ని అంత పెద్ద ఎత్తున కదిలించకుండా, దానికి తగ్గట్టు ఇంటిని మలుచుకున్నవారూ ఉన్నారు. రోమ్‌కు 17 రోమన్ మైళ్ళ దూరంలో లౌరెంటం తీరాన ఉన్న తన విల్లాను చిన్న ప్లినీ (పెద్ద ప్లినీ మేనల్లుడు) ఒక లేఖలో గది గదిగా వర్ణించాడు. భోజనశాల ఒడ్డు మీదికి ముందుకు పొడుచుకుని ఉంటుంది. నైరుతి గాలి వీచిన రోజున విరిగి, అలసిపోయి వచ్చిన చివరి అల మాత్రమే దాని గోడను తడుపుతుంది. అంటే అల ఎక్కడ విరుగుతుందో, ఎక్కడికి వచ్చేసరికి దాని బలం చచ్చిపోతుందో చూసి మరీ గోడ లేపారన్నమాట. రెండు వైపులా కిటికీలున్న పొడవాటి వసారా ఒకటుంది. ప్రశాంతమైన రోజున అన్ని కిటికీలూ తెరుస్తారు, గాలి రేగిన రోజున గాలి లేని వైపువి మాత్రమే తెరుస్తారు. నడక దారి పక్కన కంచెగా బాక్స్ అనే పొద మొక్కలు నాటారు. ఇంటి గోడల చాటున్న చోట అవి దట్టంగా పెరుగుతాయి, బయలు గాలికి, దూరం నుంచే అయినా ఉప్పు తుంపర తగిలే చోట మాడిపోతాయి, కాబట్టి అక్కడ వాటికి బదులు రోజ్‌మేరీ పెట్టారు. పారే నీరు లేదు గాని, ఎక్కడ తవ్వినా నీరు పడుతుందని, సముద్రం అంత దగ్గరున్నా ఇసుమంత ఉప్పదనం కూడా ఉండదని ఆయన ఆశ్చర్యపోతాడు. మన తీరంలో జాలరి ఆడవాళ్ళు ఇసుకలో చెలమ తీసి మంచినీళ్ళు తోడుకోవడం చూసినవారికి ఇందులో వింత లేదు: వాననీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది, అతిగా తోడనంత కాలం చెడదు. ఆ సముద్రంలో ఖరీదైన చేపలు దొరకవని, నాలుక చేపలూ రొయ్యలూ మాత్రం బ్రహ్మాండంగా ఉంటాయని కూడా ప్లినీ దాచకుండా ఒప్పుకున్నాడు.

ఈ ఇళ్ళన్నీ వెలిసిన ఒడ్డు ఎవరిది అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. బాయియే దగ్గర ఆల్చిప్పల పెంపకం మొదలుపెట్టిన సెర్గియస్ ఒరాటా, అందరికీ చెందిన లూక్రైన్ సరస్సును ఆక్రమించాడని పన్నుల గుత్తేదారు ఒకడు వ్యాజ్యం వేశాడు. ఒరాటాను సరస్సు నుంచి తరిమేసినా వాడికి ఆల్చిప్పలకు లోటుండదు, ఇంటి పెంకుల మీదయినా పండిస్తాడని క్రాసస్ అనే వక్త చమత్కరించాడట. న్యాయశాస్త్రం మాత్రం నవ్వులాటగా తీసుకోలేదు. గాలి, పారే నీరు, సముద్రం, తీరం అందరివీ అని రోమన్ స్మృతి చెప్పింది. చలికాలపు అతి పెద్ద అల చేరే గీత వరకు తీరం అని నిర్వచించింది. ఒడ్డున ఇల్లు కట్టినవాడికి ఆ ఇల్లు నిలిచి ఉన్నంత కాలమే ఆ నేల మీద హక్కు, ఇల్లు కూలితే నేల మళ్ళీ అందరిదీ అవుతుంది. క్రీ.శ. 138 నుంచి 161 వరకు ఏలిన ఆంటోనినస్ పయస్, ఫోర్మియే జాలరులు పెట్టుకున్న అర్జీకి జవాబుగా, విల్లాల జోలికి, కట్టడాల జోలికి పోనంత వరకు వేట కోసం ఒడ్డుకు రావడాన్ని ఎవరూ అడ్డుకోరాదని తేల్చాడు. అర్జీ పెట్టుకున్నారంటేనే అడ్డుకునేవారు ఉన్నారని అర్థం. ఆ తరువాతి తరం న్యాయవేత్త ఉల్పియన్ కూడా, ఇంటి ముందరి సముద్రంలో వేటాడకుండా ఇతరులను ఆపే అలవాటు చెలామణిలో ఉన్నా దానికి చట్టం ఆధారం లేదని, అలా ఆపినవాడి మీద దావా వేయవచ్చని రాశాడు.

ఈ ముక్క మనకు పరాయిది కాదు. మన సుప్రీం కోర్టు ఎం.సి. మెహతా వర్సెస్ కమల్ నాథ్ కేసులో ప్రజా విశ్వాస సూత్రాన్ని, అంటే నీరు, తీరం వంటివి ప్రజలందరివి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అన్న సూత్రాన్ని, మన చట్టంలో భాగంగా ప్రకటించినప్పుడు దాని మూలాన్ని ఈ రోమన్ న్యాయంలోనే చూపింది. 2006లో తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల కేసులోనూ అదే సూత్రం చర్చకు వచ్చింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. బాయియే, పుటియోలీ ఉన్నది కాంపీ ఫ్లెగ్రేయి అనే పెద్ద అగ్నిపర్వత బిలం మీద. నీటిలో గట్టిపడే బూడిద ఆ పర్వతం ఇచ్చినదే. బాయియే స్నానశాలలకు వేడినీరు, ఆవిరి ఇచ్చినది కూడా అదే. రోమన్లు ఆ తీరాన్ని వెతుక్కుంటూ వచ్చిన కారణాల్లో సగం ఆ భూగర్భంలోనివి. ఆ బిలం అడుగున శిలాద్రవం, వాయువులు, వేడినీటి ఒత్తిడి పెరిగినప్పుడు నేల ఉబ్బుతుంది, తగ్గినప్పుడు కుంగుతుంది. దీనిని బ్రాడిసైజం అంటారు. భూకంపంలా ఒక్క కుదుపుతో వచ్చేది కాదు గనుక, ఒక మనిషి జీవితకాలంలో ఇది అంతుపట్టకపోవచ్చు. సామ్రాజ్యం చివరి శతాబ్దాల నుంచి బాయియే తీరం మెల్లగా కుంగుతూ వచ్చి, వీధులు, స్నానశాలలు, మొజాయిక్ నేలలు నీటి కిందికి పోయాయి. గోడలు పగలలేదు, దిమ్మలు విరగలేదు. నిలబడ్డవి నిలబడ్డట్టే మునిగాయి. నేను గాజు అడుగున్న పడవలో పోతూ చూసినది అదే, గది గోడల వరుస చెక్కుచెదరకుండా ఉంది, దాని మీదుగా చేపలు తిరుగుతున్నాయి.

అక్కడి పుంటా ఎపిటాఫియో దగ్గర, సుమారు 5 మీటర్ల లోతులో, క్లాడియస్ చక్రవర్తి విందుశాల ఒకటుంది. 1969లో తుఫాను ఇసుకను కదిలించడంతో రెండు విగ్రహాలు బయటపడ్డాయి. 1980ల తొలి ఏళ్ళలో మిగిలినవాటిని తవ్వి తీశారు. బాయియే కోటలోని మ్యూజియంలో గ్రీకు ఇతిహాస వీరుడు యులిసిస్ సహచరుడి విగ్రహం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఇసుకలో కూరుకుపోయిన భాగాల్లో పాలరాయి నునుపుగా, శిల్పి ఉలి వదిలినట్టే ఉంది. నీటికి తెరిచి ఉన్న భాగాలనేమో రాయి తొలిచే ఆల్చిప్పలు వేలు దూరేటన్ని రంధ్రాలతో జల్లెడ చేశాయి. ఒకే విగ్రహం మీద ఇసుక మట్టం ఎక్కడ ఉండేదో గీత గీసినట్టు తెలుస్తుంది.

అవే ఆల్చిప్పలు పోట్సువోలీలో, అంటే పాత పుటియోలీలో, పురాతన అంగడి తాలూకు మూడు పాలరాతి స్తంభాల మీదా పని చేశాయి. ఆ స్తంభాలు ఇప్పుడు పొడి నేల మీద ఉన్నాయి, రంధ్రాల పట్టీ మాత్రం మనిషి తలకు ఎంతో ఎత్తున ఉంది. అంటే అంగడి కట్టిన తరువాత నేల అంత లోతుకు కుంగి, మళ్ళీ పైకి లేచింది. 1830లో చార్లెస్ లయెల్ తన భూగర్భశాస్త్ర గ్రంథానికి ముఖచిత్రంగా ఈ స్తంభాలనే వేయడానికి కారణమిదే. 1538లో దగ్గరలోనే మోంటే నువోవో అనే కొత్త కొండ పుట్టి, ఒరాటా ఆల్చిప్పలు పెంచిన లూక్రైన్ సరస్సును చాలావరకు మింగేసింది.

ఊరి మధ్యకు చేరిన విల్లాల కథ దీనికి తిరగబడినది. ఓప్లోంటిస్‌లో, ఇప్పటి టొర్రే అనున్సియాటాలో, సుమారు 60 మీటర్ల ఈత కొలనున్న విల్లా ఒకప్పుడు సముద్రపు అంచున, పది మీటర్లకు పైగా ఎత్తున్న కొండవాలు మీద ఉండేది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం విసిరిన బూడిద, రాళ్ళు తీరాన్నే ముందుకు జరిపేసరికి సముద్రం సుమారు అర కిలోమీటరు దూరమైంది. హెర్కులేనియంలో తమాషా ఇంకొకటుంది: పాత ఒడ్డు ఇప్పటి సముద్ర మట్టానికి దాదాపు నాలుగు మీటర్ల కింద, ఒడ్డుకు చాలా లోపల ఉంది, తవ్విన గోతిలో ఊరే నీటిని ఎప్పటికప్పుడు తోడుతూ ఉండాలి. ఓస్టియా వైపు అగ్నిపర్వతం ప్రమేయం లేదు; అక్కడ టైబర్ నది తెచ్చిన ఒండ్రు తీరాన్ని మూడు కిలోమీటర్ల మేర ముందుకు తోసింది. స్పెర్లోంగాలో టైబీరియస్ చక్రవర్తి విల్లాలోని విందు గుహ విషయంలోనూ సముద్రానిది తప్పు కాదు, క్రీ.శ. 26లో చక్రవర్తి భోంచేస్తుండగా గుహ పైకప్పు నుంచి రాళ్ళు కూలాయి.

చేపల చెరువులకు ఇంకొక ప్రయోజనం ఈమధ్యే కలిగింది. తూము, కాలువ, గోడ మట్టాలు పోటు గీతకు అంత కచ్చితంగా కట్టినవి కనుక, నేల పెద్దగా కదలని చోట ఉన్న చెరువును కొలిస్తే రోమన్ల నాటి సముద్ర మట్టం తెలిసిపోతుంది. 2004లో వచ్చిన ఒక అధ్యయనం అప్పటి మట్టం ఇప్పటికన్నా సుమారు 1.35 మీటర్లు తక్కువని లెక్కకట్టింది. 2012లో మరో బృందం, చెరువులోని ఏ గుర్తును ఏ పోటుకు ముడిపెట్టాలన్న దగ్గరే విభేదించి, తేడా అర మీటరు చుట్టుపక్కలే అంది. తూము పలక ఏ మట్టంలో పనిచేసేదన్నది వాదంలో కీలకం. నాకు మొదటి లెక్క వైపే మొగ్గు. చెరువు చుట్టూ నడిచే గట్టు రోజూ నీళ్ళలో మునిగేలా ఏ మేస్త్రీ కట్టడు. ఏది నిజమైనా, బాయియేలో విందుశాల 5 మీటర్ల లోతున ఉండడానికి సముద్రం పెరగడం ఒక్కటే చాలదు. మిగిలినదంతా నేల కుంగినందువల్ల వచ్చినదే.

ఆ నేల ఇంకా కుదుటపడలేదు. 1982 నుంచి 1984 వరకు పోట్సువోలీ సుమారు 1.8 మీటర్లు పైకి లేచి, పాత ఊరి భాగాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. తరువాత కొంత దిగి, 2005 నుంచి మళ్ళీ లేస్తోంది. నేను రెండవసారి వెళ్ళినప్పుడు చిన్న పడవల రేవులో నీరు పలచబడి, పాటు వేళ కొన్ని పడవలు తాళ్ళు వేలాడేసుకుని బురదలో పక్కకు ఒరిగి ఉన్నాయి. గట్టు రాళ్ళ మీద ఎండిపోయిన నాచు, గుల్లల చార ఒకటి ఆ రోజు నీటి మట్టానికి చాలా పైన, నా మోకాలి ఎత్తున కనిపించింది.